జేమ్స్‌బాండ్ సినిమాల్లో హీరోలు పెట్టుకున్న వాచీల్లో మీకు బాగా నచ్చింది ఏది? ఎందుకు?

ఇందులో ఆలోచించడానికేం లేదండీ. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్'లో షాన్ కానరీ చేతికున్న రోలెక్స్ సబ్‌మెరైనర్. తర్వాత లేజర్ కొట్టేవీ, తాడు విసిరేవీ ఎన్నో వచ్చాయి. ఏదీ దాని దరిదాపుల్లోకి రాదు.

మా నాన్న తెనాలిలో వాచీలు బాగుచేసేవారు. దుకాణానికి ఎవరొచ్చినా ఆయన ముందు ముఖం చూసేవారు కాదు, మణికట్టు చూసేవారు. దుకాణం తీసేశాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయనకి లాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. మొదట్లోనే ఆ సీను వస్తుంది. కానరీ నీళ్లలోంచి లేచొచ్చి బాంబు అమర్చి, ఈత దుస్తులు విప్పేస్తే లోపల తెల్లకోటు. తాపీగా బార్లోకి వెళ్లి లైటర్ వెలిగించి, ఆ వెలుతురులో టైం చూసుకుంటాడు.

"ఆపరా, ఆపు" అన్నారు నాన్న. వెనక్కి తిప్పించారు. మళ్లీ తిప్పించారు. కళ్లజోడు తీసేసి తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లారు.

"ఆ బెల్టు చూడు. చాల్లా! రెండు పక్కలా సందు కనపడతంది, పిన్నులు బయటికి ఉన్నయ్. నా దగ్గరకొచ్చినోళ్లని ఎవర్నీ ఇట్టా సరిపోని బెల్టేసి పంపలేదు నేను."

కాసేపాగి మళ్లీ ఆయనే, "పనిలో ఉన్నోడు ఇట్టాగే పెట్టుకుంటాడ్లే. చేతికి దొరికిన బెల్టు వేసుకున్నాడు. ఆ కీ చూడు ఎంత పెద్దదో, తడి చేత్తో తిప్పినా జారదు" అన్నారు. మిగతా సినిమా ఆయన సగం సగమే చూశారు.

నేను చెప్పాలనుకున్నది కూడా అదే. ఆ వాచీ ఒక మనిషిది. నీళ్లలో దిగేవాడి కోసం చేసిన వాచీ, నీళ్లలోంచి వచ్చినవాడి చేతికే ఉంది. దాన్ని గొప్పగా చూపించాలనే తాపత్రయం ఎవరికీ లేదు.

ఇక ఆ బెల్టు గురించి అభిమానులు చేసే గొడవ నాకు నచ్చదు. చాలాకాలం అది నలుపు, బూడిద చారలని అనుకున్నారు. బొమ్మ స్పష్టంగా ఉన్న ప్రింట్లు వచ్చాక చూస్తే ముదురు నీలం మీద ఎరుపు, ఆకుపచ్చ చారలు. అయినా 2015లో 'స్పెక్టర్' అనే బాండ్ సినిమా కోసం ఒమేగావాళ్లు నలుపు, బూడిద చారలతోనే బెల్టు వేసి 7,007 వాచీలు చేసి అమ్మారు. ఆన్‌లైన్లో కానరీ బెల్టుకి 'నాటో బెల్టు' అని, అంటే సైన్యం కోసం చేసిన నైలాన్ బెల్టు పేరు, అంటగడుతున్నారు. బ్రిటన్ రక్షణశాఖ ఆ రకం బెల్టుకి కొలతలు ఖాయం చేసింది 1973లో, అంటే సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకి!

రోజర్ మూర్ బాండ్‌గా చేసిన కాలంలో వచ్చిన సీకో వాచీలంటే నాకు ఇష్టమే. 1977 నాటి సినిమాలో వాచీలోంచి అక్షరాలు అచ్చైన పట్టీ బయటికొస్తుంది. మన హైదరాబాద్ అల్విన్‌వాళ్లు వాచీలు చేసింది కూడా సీకో సహకారంతోనే. నాన్న బల్లమీద అల్విన్లూ హెచ్ఎంటీలూ ఎప్పుడూ విప్పి ఉండేవి. కీ ఇచ్చే వాచీని విప్పి, కడిగి, నూనె వేసి మళ్లీ నడిపించొచ్చు. ఇప్పుడు మాల్‌లో షోరూమ్‌కి తీసుకెళ్తే ఏమంటారు? "లోపలిదంతా మార్చాలి సార్, కొత్తది తీసుకోండి" అంటారు. నాకు ఒకచోట సెల్ మార్చమని ఇస్తే వెనక మూత గీతలుపడి వచ్చింది. పనిముట్టు పట్టుకోవడం రానివాళ్లని ఎందుకు కూచోబెడతారో!

1995లో పియర్స్ బ్రాస్నన్‌తో ఒమేగా వచ్చింది. నేవీ మనిషైన బాండ్‌కి తగ్గ వాచీ అని దాన్ని ఎంచింది దుస్తుల డిజైనర్ లిండీ హెమ్మింగ్. ఎంపిక మంచిదే, నీలం డయలు అందంగా ఉంటుంది. కానీ 2006లో 'కసీనో రాయల్' రైలు సీనులో హీరోయిన్ రోలెక్సా అని అడగడం, బాండ్ ఒమేగా అని చెప్పడం... అంత బాగా నడుస్తున్న సంభాషణ మధ్యలోకి ప్రకటన దూరింది. బాండ్ తన వాచీ పేరు తన నోటితో చెప్పకూడదు. చూసేవాడు కనిపెట్టుకోవాలి, మా నాన్న కనిపెట్టినట్టు.

రెండో స్థానం ఎవరికని అడిగితే, 1962 'డాక్టర్ నో'లో తోలు బెల్టుతో కనపడే సబ్‌మెరైనర్‌కే ఇస్తాను. సీకో మూడోది.