పద్నాలుగు అంటే ఏమిటండీ? – ఒక కొత్త కవయిత్రికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పత్తి కవిత, దాని కింద వచ్చిన కామెంట్లు కూడా చదివాను. "ఇంతమంది అద్భుతం అన్నారు, అయినా కవిత బాగుందో లేదో నాకే తెలియడం లేదు" అని రాశావు. ఆ అనుమానం నీకు కలిగినందుకు చాలా సంతోషించాను. కవిత సంగతి చెబుతాను. అయితే నువ్వు అడగని మరో విషయం ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు తీసుకుంటుంది: ఇతరుల కవితల కింద నువ్వు ఏం రాస్తున్నావు, ఏం రాయాలి అన్నది.

ముందు నీ కవిత. పైకి చదువుకో.

నాన్న చెమటచుక్కలు
ముత్యాలై మెరిసే వేళ
అన్నదాత కన్నీరు
ఆగని గోదారి

యార్డులో
పత్తి గుప్పిట పట్టి చూసి
పద్నాలుగు అన్నాడొకడు
నాన్న పంచె అంచుకు
చేతులు తుడుచుకున్నాడు
తేమ తన చేతులదేమోనని

ఓ సమాజమా మేలుకో
రైతే రాజని తెలుసుకో

ఇందులో నీది మధ్యలో ఉన్న ఆరు పంక్తులే. చెమటచుక్కలు ముత్యాలు కావడం, కన్నీరు గోదారి కావడం మన భాషలో ఎప్పటి నుంచో అందరి సొత్తు. వాటిని రాయడానికి నువ్వు పత్తి అమ్మే మార్కెట్ యార్డు దాకా వెళ్ళనక్కరలేదు. చివరి రెండు పంక్తులు నినాదం. సభలో బాగుంటుంది, గోడ మీద బాగుంటుంది. కానీ ఈ కవితలో అది మీ నాన్నను పక్కకు నెట్టేసి ఆయన స్థానంలో నిలబడింది. మధ్యలో ఉన్న ఆ మనిషి, అధికారి చెప్పిన అంకె విని పత్తిని కాక తన చేతులను అనుమానించిన ఆ మనిషి, ఇంతకుముందు తెలుగులో నాకు కనిపించలేదు.

ఇప్పుడు కామెంట్లు చూడు. దాదాపు అందరూ చివరి రెండు పంక్తులనే తిరిగి రాసి చప్పట్ల బొమ్మలు పెట్టారు. కొందరు ముత్యాలను మెచ్చుకున్నారు. పంచె అంచు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. దీనికి వాళ్ళను తప్పుపట్టకు. ఫోను తెరను వేలితో పైకి తోస్తూ చదివే కంటికి ముందే తెలిసిన మాట చప్పున అందుతుంది, తెలిసినది ఎదురైతే మనసుకు హాయిగా ఉంటుంది. కొత్త మాట దగ్గర మాత్రం ఆగాలి. అందుకే ఎక్కువమంది మెచ్చిన పంక్తి చాలాసార్లు నీది కాని పంక్తే అయి ఉంటుంది. మెచ్చుకోళ్ళ సంఖ్యను చూసి ఏ పంక్తి ఉంచాలో నిర్ణయించుకుంటే, కొన్నాళ్ళకు నీ కవితల్లో ముత్యాలూ గోదారీ మిగిలి, మీ నాన్న మాయమవుతాడు. నా భయమంతా అదే.

ఒక్కరు మాత్రం "పద్నాలుగు అంటే ఏమిటండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నువ్వు నొచ్చుకున్నట్టున్నావు, జవాబే ఇవ్వలేదు. నాకైతే ఆ వరుసలో అసలైన స్పందన అదొక్కటే అనిపించింది. ఆయన ఆ పంక్తి దగ్గర ఆగాడు. అర్థం కాలేదని నలుగురిలో ఒప్పుకున్నాడు, అది చిన్న విషయం కాదు. పత్తి తెలిసినవాళ్ళకు ఆ అంకె చాలు: తేమ 8 శాతం లోపు ఉంటేనే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు పాఠకులలో చాలామందికి ఇది వివరించనక్కరలేదు. మరి విశాఖలో మత్స్యకారుల ఇంట పుట్టినవాడికో, డల్లస్‌లో పెరిగిన తెలుగు పిల్లకో ఎలా? అలాగని "తేమ శాతం పద్నాలుగు ఉంది, పన్నెండు దాటితే కొనము" అని కవితలో రాస్తే పంక్తి చచ్చిపోతుంది. నా అభిప్రాయం అడిగితే, ఏమీ మార్చవద్దు. "తేమ" అనే మాట మూడు పంక్తుల తరువాత రాబోతోంది కదా. అది చదవగానే వెనక్కి వెళ్ళి పద్నాలుగును అర్థం చేసుకునే అవకాశం పాఠకుడికి ఉంది. అయితే ఆ ప్రశ్న రాకపోతే ఈ ఆలోచనే మనకు వచ్చేది కాదు. ఆయనకు ఈరోజే జవాబు రాయి.

ఇక నేను చెప్పదలచుకున్న విషయం. నీ పేరుతో వెతికి, నువ్వు ఇతరుల కవితల కింద రాసినవి కొన్ని చదివాను. "చాలా బాగుంది మేడమ్", "హృదయాన్ని తాకింది సర్", "మీ కలానికి వందనం". ఎవరి కవిత కిందైనా అతికించవచ్చు వీటిని. శ్రావణమాసపు నోములో "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకున్నట్టు, ఈరోజు నువ్వు ఇచ్చిన మెచ్చుకోలు రేపు నీ కవిత కిందికి తిరిగి వస్తుంది. ఇందులో మర్యాద ఉంది, ఒకరికొకరు తోడున్నామన్న ధైర్యం ఉంది. పగలంతా చాకిరీ చేసి రాత్రి పదకొండింటికి నాలుగు పంక్తులు రాసుకునే మనిషికి ఆ ధైర్యం అవసరం కూడా. కానీ దానివల్ల కవిత చదివినట్టు కాదు.

మన సాహిత్యంలో అడ్డుపడేవాడికి ఎంత గౌరవం ఉండేదో గుర్తు చేసుకో. అష్టావధానంలో, అంటే ఎనిమిది మంది అడిగేవాటికి ఒకే కవి (అవధాని) అప్పటికప్పుడు పద్యాలతో జవాబిచ్చే సభలో, నిషిద్ధాక్షరి అనే అంశాన్ని నడిపే పృచ్ఛకుడి (ప్రశ్నించేవాడి) పనే అది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి దాన్ని వద్దంటాడు. అవధాని ఆ దారి వదిలి, ఎవరూ అనుకోని మరో మాట వైపు తిరగాలి. ఆ పృచ్ఛకుడిని శత్రువని ఎవరూ అనుకోరు. ఆయన అదే వేదిక మీద కూర్చుంటాడు. అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పట్టుకోవాలంటే ఆయనకూ అంత పద్యజ్ఞానం, అంత శ్రద్ధ ఉండాలి. పుట్టిన ప్రతి పద్యంలోనూ ఆయన వంతు ఉంటుంది.

ఇప్పటికీ ఆ సంస్కారం పద్యకవుల దగ్గర బతికే ఉంది. రోజుకొక సమస్య, అంటే ఒక పద్యపాదం, ఇచ్చి అంతర్జాలంలో మిగతా పాదాలు పూరించుకునే బృందాలను వెళ్ళి చూడు. విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, పరాయి దేశంలో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్ళు అందులో ఉంటారు. ఒకరు పూరణ పెడతారు. కాసేపటికి "రెండవ పాదంలో గణభంగం, మూడవ పాదంలో యతి తప్పింది" అని ఇంకొకరు రాస్తారు. "ధన్యవాదాలండీ, సవరిస్తాను" అని మొదటివారు మళ్ళీ పెడతారు. ఎవరి ముఖమూ ముడుచుకోదు. ఎందుకంటే యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో నిర్ణీత చోటున ఉన్న అక్షరంతో పొంతన కుదరడం, ఇద్దరికీ పైన ఉన్న నియమం. తప్పు చూపినవాడు తన ఇష్టాన్ని రుద్దడం లేదు. వచనకవిత్వంలో అలా అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు. అందువల్ల "ఈ పంక్తి నిలబడలేదు" అంటే "నువ్వు నిలబడలేదు" అన్నట్టు వినిపిస్తుంది. ఆ భయంతోనే అందరూ అద్భుతం దగ్గర ఆగిపోతున్నారు.

పద్యం రాసేవాళ్ళకూ ఒక లోటు ఉందిలే. ఇప్పుడు గణాలూ యతిప్రాసలూ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. చాలా మేలు జరిగింది, గురువు దొరకని చోట కూడా ఛందస్సు నేర్చుకోగలుగుతున్నారు. కానీ తేటగీతి అనే పద్యం పాదం చివర "ముదముతోడ" అని రాశావనుకో. అక్కడ ఉండవలసిన రెండు సూర్యగణాలు సరిగ్గా కుదిరాయి. పాదం "ము"తో మొదలైతే యతి కూడా కుదిరింది. యంత్రం తప్పు లేదంటుంది. ఆ పద్యంలో ముదం ఎవరికి, ఎందుకు అని అడగవలసింది మనిషే. పాదం నింపడానికి వచ్చిన మాటను పట్టుకోవడం యంత్రం వల్ల కాదు. వచనకవితలో "ఓ సమాజమా" చేసే పని కూడా అదే.

మరి ఏం రాయాలి? ఒక్క పంక్తి చాలు, కానీ అది ఆ కవిత కింద తప్ప మరెక్కడా పనికిరానిదై ఉండాలి. కవితను ఒకసారి పైకి చదువు. ఎక్కడ ఆగావో ఆ మాటను ఎత్తి రాయి. ఎందుకు ఆగావో చెప్పు: ఊపిరి ఆగిందా, అర్థం ఆగిందా, ఇది ఇంకెక్కడో విన్నానే అనిపించిందా? అర్థం కాకపోతే అర్థం కాలేదని అడుగు. "మీరు ఇలా రాసి ఉండాల్సింది" అని మాత్రం ఎదుటివాళ్ళ కవితను తిరగరాయకు, అడిగితే తప్ప. అది సాయంలా కనిపిస్తుంది గానీ, ఆ కవిత ఏం కావాలనుకుంటోందో చూడకుండా నీ కవితగా మార్చేస్తుంది.

పెద్దవాళ్ళ కవితలకు ఎలా చెప్పాలని సంకోచం ఉంటుంది, సహజం. "మాస్టారూ, మూడో చరణం దగ్గర ఆగిపోయాను, ఆ పక్షి ఎవరో నాకు అందలేదు" అంటే అగౌరవం ఏమీ లేదు. తీర్పు చెబితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారేమో గానీ, పాఠకురాలి అనుభవం చెబితే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకునేవారుంటే రెండోసారి చెప్పకు. మొదటిసారి కవిత పెట్టినవాళ్ళకు లోపాలు విడిగా రాయి, మంచి పంక్తిని మాత్రం అందరి ముందు చూపించు. తల్లినో బిడ్డనో పోగొట్టుకుని రాసిన కవిత కింద కవిత్వం గురించి మాట్లాడకు. పక్కన కూర్చున్నట్టు ఒక మాట రాయి, చాలు.

1990లలో అమెరికాలోని తెలుగువాళ్ళు యూజ్‌నెట్ అనే అప్పటి అంతర్జాల చర్చావేదికలో పద్యాలూ కవితలూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పంచుకునేవారు. తెరమీద తెలుగు లిపి అప్పటికి సులువుగా వచ్చేది కాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేందుకు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో పెద్ద ఎన్ కొడితే ణ, పెద్ద ఎల్ కొడితే ళ. ఆ అక్షరాలను చూసి కవితను లోపల పలుక్కుంటే తప్ప అర్థమయ్యేది కాదు, అందువల్ల గబగబా చదవడం సాధ్యమయ్యేది కాదు. ఆ వాతావరణం నుంచే 1998లో ఈమాట అనే అంతర్జాల పత్రిక వచ్చింది. ఆ తరువాత 2012లో ఫేస్‌బుక్‌లో మొదలైన కవిసంగమం అనే కవుల బృందం కొత్త కవులనూ పెద్ద కవులనూ ఒకే చోట చేర్చింది. చేతిలో ఫోను ఉన్న ప్రతివాళ్ళకూ ఇప్పుడు లిపి ఉంది, పాఠకులు ఉన్నారు. ఇంత భాగ్యం మా ముందుతరానికి లేదు. ఒక్కటే తగ్గింది: లోపల పలుక్కునే ఆ నిదానం. దాన్ని మనం కావాలని తెచ్చుకోవాలి.

అంశం ఇచ్చి కవితలు రాయించే వాట్సాప్ బృందాల గురించి అడిగావు. "అంశం: రైతు, ఇరవై పంక్తులు మించరాదు, చివర ఇది నా స్వీయరచన అని హామీ రాయాలి." రాయి, తప్పు లేదు. ఉగాదికో మహిళా దినోత్సవానికో గడువు పెట్టి కూర్చోబెట్టే మనుషులు ఉండడం మంచిదే. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అలాంటి బృందాల్లోనే మొదటిసారి కలం పట్టిన స్త్రీలు ఎందరో ఉన్నారు. ప్రశంసాపత్రం వస్తే అమ్మకు చూపించు, ఆవిడ సంతోషిస్తుంది. ఆ రోజు రాసినదాన్ని మాత్రం నెలరోజులు పక్కన పెట్టి మళ్ళీ చూడు. అంశం కోసం రాసిన పంక్తులు ఎండిపోయి, నీ కోసం రాసుకున్న ఒకటో రెండో పంక్తులు పచ్చగా కనిపిస్తాయి. వాటి దగ్గర నుంచి కవిత మొదలుపెట్టు.

ఇంకో జాగ్రత్త. చాలా పత్రికలు, పోటీలు సామాజిక మాధ్యమాల్లో వచ్చిన కవితను ప్రచురితమైనదిగానే లెక్కవేస్తాయి. పత్రికకు పంపాలనుకున్నది ముందే గుంపులో పెట్టకు. స్పందన కావాలంటే నమ్మకమున్న ఇద్దరు ముగ్గురికి విడిగా పంపు. పెట్టినదాని కింద నీ పేరు, ఊరు, తేదీ ఉండాలి. నాలుగు చేతులు మారేసరికి కింది పేరు తెగిపోయి కవిత ఒక్కటే తిరుగుతుంటుంది.

నీ కవిత మీద ఎవరైనా నిజంగా మాట్లాడినప్పుడు వెంటనే సమర్థించుకోకు. "నా ఉద్దేశం అది కాదండీ, నేను చెప్పింది ఏమిటంటే" అని మొదలుపెట్టగానే అవతలివాళ్ళు మర్యాదకొద్దీ తగ్గిపోతారు, ఇక మళ్ళీ నోరు తెరవరు. ధన్యవాదాలు చెప్పి, ఆ మాటను పుస్తకంలో రాసుకో. పాటించాలని లేదు. ముగ్గురు ఒకే చోట ఆగితే ఆ చోటును తప్పక చూడు. వాళ్ళు చెప్పిన మందు తప్పయినా, నొప్పి అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. నేను చెప్పినది కూడా అలాగే చూడు. మొదటి నాలుగు పంక్తులు నీవి కావన్నాను. తీసి చూశాక కవిత గుమ్మం లేని ఇల్లులా అనిపిస్తే, మీ నాన్న యార్డుకు ఎలా చేరాడో చెప్పే పంక్తులేవైనా వస్తాయేమో చూడు. ట్రాక్టరు కిరాయి, వరుసలో నిలబడ్డ రాత్రి, తిన్న సద్ది... నీకు తెలిసినవి, నాకు తెలియనివి.

వచ్చే ఉత్తరంలో కొత్త కవిత పంపవద్దు. ఈ నెలలో నీకు నచ్చిన ఎవరిదైనా ఒక కవితను, దాని కింద నువ్వు రాసిన వ్యాఖ్యను పంపు. రెండూ చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి