పాత స్నోమొబైల్ చవకే, దాని కోసం తీసే 401కె అప్పు చవక కాదు

ప్రశ్న: మేము మినసోటాలో, మినియాపొలిస్ శివార్లలో ఉంటాం. నాది హెచ్1బి ఉద్యోగ వీసా, నా భార్యది హెచ్4 డిపెండెంట్ వీసా, తనకి ఉద్యోగం చేసే అనుమతి ఇంకా రాలేదు. నాలుగేళ్ళ పాప ఉంది. నెలకు చేతికి 8,900 డాలర్లు వస్తాయి, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది కలుపుకుని 7,400 ఖర్చయిపోతుంది. పోయిన ఏడాది ఇల్లు కొనడంతో సేవింగ్స్‌లో 4,300 మాత్రమే మిగిలింది. ఆఫీసు వాళ్ళు శీతాకాలం వారాంతాల్లో ఉత్తరాన ట్రెయిల్స్ (మంచు దారులు) మీద స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, నడపడానికి వెళ్తారు, రెండుసార్లు వాళ్ళతో వెళ్ళి వచ్చాక నాకూ ఒకటి ఉండాలనిపించింది. 2007 యమహా వెక్టర్, ఫోర్ స్ట్రోక్, 7,800 మైళ్ళు తిరిగినది 3,200కి ఒకాయన అమ్ముతున్నాడు. రిటైర్మెంట్ కోసం దాచుకునే 401కె ఖాతా నుంచి 6,000 లోన్ తీసి బండి, ట్రైలర్, హెల్మెట్లు, బట్టలు అన్నీ కొనేద్దామని ఉంది. ఆ వడ్డీ ఎలాగూ నాకే తిరిగొస్తుంది కదా. నమ్మకంగా, తక్కువ ఖర్చుతో నడిచే పాత బండి అంటే ఇదేనా, వేరేది చూడాలా?

జవాబు: బండి మంచిదే. ఈ శీతాకాలం మాత్రం కొనకండి, 401కె జోలికి అసలే వెళ్ళకండి.

మీ ఉత్తరాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. కొత్త బండి 15,000 పెట్టి కొంటానని అడిగేవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే భయం ఉంటుంది, పదిసార్లు లెక్క చూసుకుంటారు. పాతది, చవకగా వస్తోంది అనగానే ఆ భయం పోతుంది. మూడు వేలే కదా అనుకుంటారు, చేతిలో లేకపోతే అప్పు తెస్తారు, ఆ మూడు వేలు కాస్తా ఆరు వేలవుతుంది. మీ ఉత్తరంలోనే చూడండి, బండి 3,200 అయితే లోన్ 6,000. పాత పడవ, పాత మోటార్‌సైకిల్, పాత క్యాంపర్ ఏది కొన్నా ఇదే వరస. బండి ధర చూస్తారు కానీ తమ బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో చూడరు.

అందుకని మీ ఖాతా సంగతే ముందు మాట్లాడతాను. మీ 7,400లో ఇండియాకి పంపేది, బయట తిండి, సబ్‌స్క్రిప్షన్లు లాంటివి తీసేస్తే మోర్ట్‌గేజ్, కారు లోన్, డే కేర్, ఇన్సూరెన్స్, సరుకులు, హీటింగ్ బిల్లు కలిపి ఎంత బిగించినా 5,600 కంటే తగ్గదని నా అంచనా. మీ దగ్గరున్న 4,300 ఆ లెక్కన 23 రోజులకి వస్తుంది. హెచ్1బి మీద ఉద్యోగం పోతే మీకిచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ అంతకంటే ముందే అయిపోతే అంతవరకే. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ మీ తరఫున పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్పుకి దరఖాస్తు చేయాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. 60 రోజులు వెతుక్కోవాల్సిన మనిషి దగ్గర 23 రోజుల డబ్బుంది, అలాంటి మనిషి స్నోమొబైల్ కోసం అప్పు చేస్తానంటున్నాడు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

మన పక్కింటి అమెరికన్ ఈ స్థితిలో ఉంటే కొంత సర్దుకోగలడు, భార్య ఉద్యోగం ఉంటుంది, నిరుద్యోగ భృతి వస్తుంది, ఏదో ఒక చిన్న పని వెంటనే చేసుకోవచ్చు. మీకు ఇవేవీ దాదాపు లేవు. మీ భార్య పని చేయడానికి వీల్లేదు, మీరు వేరే పని చేయడానికి వీల్లేదు. జనవరిలో ఇల్లు అమ్మకానికి పెడితే మినసోటా చలిలో చూడ్డానికి వచ్చేవాళ్ళే తక్కువ. అందుకే వీసా మీద ఉన్నవాళ్ళకి మూడు నెలల ఎమర్జెన్సీ ఫండ్ చాలు అనే మాట నేను ఒప్పుకోను, ఆరు నెలలది ఉండాలి, అంటే మీకు 33,600. అదంతా ఇప్పుడే కావాలని అనను కానీ మూడు నెలలది, 16,800, ఖాతాలో పడేవరకు సరదా కోసం ఒక్క డాలర్ కూడా అప్పు చేయకూడదు. ముగ్గురికి హైదరాబాద్ టిక్కెట్లు ఉన్నపళంగా కొనాల్సి వస్తే ఎంతవుతుందో ఒకసారి చూడండి, ఆ డబ్బు కూడా ఇందులోంచే రావాలి.

ఇక 401కె లోన్. వడ్డీ మనకే వస్తుంది అనే మాట ఎంతమంది నోట విన్నానో. నిజమే, మీ ఖాతాకే వస్తుంది. కానీ ఉద్యోగం పోయిన రోజున ఈ అప్పు ఏమవుతుందో ఎవరూ అడగరు. కొన్ని ప్లాన్లు ఉద్యోగం మానేశాక కూడా వాయిదాలు కట్టనిస్తాయి, చాలావాటిలో ఆ వెసులుబాటు ఉండదు. మిగిలిన బాకీని విత్‌డ్రా చేసినట్టు లెక్కేస్తారు. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్‌లోపు, ఆ మొత్తాన్ని సొంత డబ్బుతో ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలోనో కొత్త కంపెనీ ప్లాన్‌లోనో వేయలేకపోతే అది ఆదాయం అయిపోతుంది. మీ బాకీ 5,000 ఉండగా లేఆఫ్ అయిందనుకోండి. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే ఫెడరల్ ట్యాక్స్ 1,100, మినసోటా ట్యాక్స్ 6.8 శాతం చొప్పున 340, 59న్నర ఏళ్ళు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ 500. మొత్తం 1,940. జీతం ఆగిపోయిన ఏడాదిలోనే ఈ బిల్లు వస్తుంది, గోరుచుట్టు మీద రోకటి పోటులాగా. ఉద్యోగం ఉన్నంతకాలం ఈ అప్పు సాధువులా ఉంటుంది, ఉద్యోగం పోయినరోజే మీద పడుతుంది. ఎమర్జెన్సీ ఫండ్ లేనివాడు తీసుకోదగిన అప్పుల్లో ఇంతకంటే చెడ్డది తక్కువ. క్రెడిట్ కార్డు జీరో శాతం ఆఫర్, డీలర్ ఇచ్చే ఫైనాన్స్ గురించి మీరు అడగలేదు, అడిగినా ఇదే జవాబు.

అప్పు వాయిదా ప్రతి నెలా ఉంటుంది, మంచు ప్రతి ఏడాదీ ఉండదు. మినసోటాలో ట్రెయిల్స్ సీజన్ అంటే డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, అదీ మంచు పడితే. 2023-24 శీతాకాలంలో ఏమైందో మీరూ చూసే ఉంటారు, మంచు లేక డులూత్ దగ్గర జరిగే కుక్కల బండ్ల పందెం, బేర్‌గ్రీస్ మారథాన్, ఏకంగా రద్దయింది. ఆ ఏడాది చాలామంది బండ్లు గరాజ్ దాటలేదు. ఆరు వేల లోన్ ఐదేళ్ళకి పెట్టుకుంటే జీతంలోంచి నెలకు 120 పైచిలుకు కోత, జులైలో కూడా.

మీరు అడిగింది బండి గురించి కాబట్టి అదీ చెప్తాను, ఎందుకంటే చివరికి మీరు కొనాలనే నా కోరిక. ఇంట్లో కూర్చుని ఆరు నెలల చలి గడపడం కష్టం, ఆ సరదా తప్పు కాదు.

తక్కువ ఖర్చుతో నమ్మకంగా నడవడానికి ఫోర్ స్ట్రోక్ ఎంచుకోవడం మంచి ఆలోచన. యమహా ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు వేల మైళ్ళు తిరిగినా గట్టిగా ఉంటాయని పేరు, ఆయిల్ కాల్చవు, పెట్రోల్ తక్కువ తాగుతాయి. బరువు మాత్రం ఎక్కువ, మెత్తటి లోతు మంచులో దిగబడితే ఒక్కరే లాగలేరు, చదును చేసిన ట్రెయిల్స్ మీదకైతే ఇబ్బంది లేదు. ఒక సంగతి గుర్తుంచుకోండి, యమహా స్నోమొబైల్స్ తయారీ మానేస్తున్నట్టు 2023లోనే ప్రకటించింది, 2025 మోడలే ఆఖరు. విడిభాగాలు ఇప్పటికిప్పుడు దొరకవని కాదు, కానీ పదేళ్ళు ఉంచుకునే ఆలోచన ఉంటే ధర బేరమాడేటప్పుడు ఇది చెప్పాలి. స్కీ-డూలో 600 ఏస్ ఇంజన్ ఉన్నవి పెట్రోల్ విషయంలో ఇంకా పొదుపు. ఇంకా చవకగా కావాలంటే ఫ్యాన్‌తో చల్లబడే 550 టూ స్ట్రోక్ బండ్లు పొలారిస్‌లోనూ స్కీ-డూలోనూ ఉన్నాయి, కూలెంట్ లేదు, దాని పంపూ లేదు, చెడిపోయేవి తక్కువ. ఆయిల్ పోస్తూ ఉండాలి, అంతే.

ఏ బండి అయినా చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేయించండి, మీరు వచ్చేలోపు వేడి చేసి పెట్టి ఉంటే అనుమానించండి. ట్రాక్ మీద రబ్బరు లగ్గులు (పళ్ళు) ఎన్ని ఊడిపోయాయో, అంచులు చిరిగాయో లేదో చూడండి, ట్రాక్ మార్చాలంటే కూలితో కలిపి మీ బేరమంతా పోతుంది. క్లచ్, బెల్ట్, స్కీల కింద కార్బైడ్లు, సస్పెన్షన్ బుషింగులు కదిపి చూడండి. వేసవంతా ఇథనాల్ కలిసిన పెట్రోల్ ట్యాంకులో వదిలేసిన బండి అయితే ఫ్యూయల్ సిస్టమ్ శుభ్రం చేయించాల్సి వస్తుంది. మీకు ఇవి తెలియకపోతే దగ్గర్లోని మెకానిక్‌కి ఓ వంద డాలర్లు ఇచ్చి చూపించండి, రిజిస్ట్రేషన్ అమ్మేవాడి పేరు మీదే ఉందో లేదో కూడా చూడండి. ఇంత చూసి కొన్నా మొదటి ఏడాది 700, 800 రిపేర్లకి పక్కన పెట్టాలి. బెల్ట్ ఒక్కటే వంద అటూ ఇటూ ఉంటుంది, ఎప్పుడూ ఒకటి స్పేర్ ఉండాలి. ఈ రిపేర్ల డబ్బు ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీయకండి, బండి ఖర్చు బండిదే.

మీరు 1976 తర్వాతే పుట్టి ఉంటారు కాబట్టి మినసోటాలో స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటేనే నడపాలి. ఆఫీసు వాళ్ళతో వెళ్ళినప్పుడు ఇది చూసుకున్నారో లేదో నాకు తెలియదు, లేకపోతే ఈ చలికాలంలోనే ఆ కోర్సు పూర్తి చేయండి, దానికి లోన్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మినసోటాలో స్నోమొబైల్‌కి ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అందుకే చాలామంది తీసుకోరు. మీ ఇంటి పాలసీ మీ స్థలం దాటాక జరిగే స్నోమొబైల్ ప్రమాదానికి మామూలుగా వర్తించదు. ట్రెయిల్ మీద ఎవరినైనా గుద్దితే వాళ్ళ ఆస్పత్రి ఖర్చు మీ మీదికి వస్తుంది, మీ ఇల్లూ జీతమూ రెండూ వాళ్ళ లాయర్‌కి కనిపిస్తాయి. మూడు వేల బండికి డ్యామేజ్ కవర్ వద్దనుకుంటే వదిలేయండి, ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి వర్తించే లయబిలిటీ మాత్రం తీసుకుని తీరాలి. మీకే కాలు విరిగితే? మీ హెల్త్ ప్లాన్ డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మీరే పెట్టుకోవాల్సిన మొత్తం, ఎంతో చూడండి, ఎక్కువ డిడక్టబుల్ ఉన్న ఫ్యామిలీ ప్లాన్ అయితే ఆ మొత్తం మీ సేవింగ్స్ కంటే పెద్దదే అయివుండొచ్చు. హెలికాప్టర్‌లో తీసుకెళ్తే నెట్‌వర్క్‌లో లేనివాళ్ళు వేసే అనుకోని బిల్లు నుంచి 2022 నుంచి సర్‌ప్రైజ్ బిల్లుల చట్టం కాపాడుతుంది, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సుకి ఆ చట్టం వర్తించదు. గాయమై పని చేయలేకపోతే జీతంలో కొంత ఇచ్చే డిసెబిలిటీ కవర్ ఆఫీసులో ఉందో లేదో హెచ్ఆర్‌ని అడగండి. ఇంకొకటి, ట్రెయిల్ పక్కన బార్ల దగ్గర ఆగడం అక్కడ మామూలే. తాగి స్నోమొబైల్ నడిపి దొరికితే 2018 నుంచి కారు లైసెన్సు కూడా పోతుంది, హెచ్1బి వాళ్ళకి వీసా చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మిగతావాళ్ళు తాగినా మీరు ముట్టుకోకండి.

ఇప్పుడు లెక్క. నెలకు మీకు 1,500 మిగులుతోంది. డిసెంబర్ నుంచి ఆగస్టు వరకు తొమ్మిది నెలలు, 13,500. ఇప్పుడున్న 4,300 కలిపితే 17,800. మూడు నెలల ఫండ్ 16,800 నిండి ఇంకా వెయ్యి మిగిలింది. మార్చిలో బోనస్ వస్తే సగం ఫండ్‌లోకి, సగం బండికి. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాతి వారాంతంలో నార్త్ బ్రాంచ్‌లో హే డేస్ అనే స్నోమొబైల్ సంత జరుగుతుంది, పాత బండ్లూ విడిభాగాలూ ట్రైలర్లూ కుప్పలుగా అమ్మకానికి వస్తాయి, అక్కడికి నగదుతో వెళ్ళండి. లేదంటే సీజన్ అయిపోయాక మార్చి చివర, ఏప్రిల్‌లో ధరలు దిగుతాయి, గరాజ్‌లో చోటు కోసం అమ్మేసేవాళ్ళు ఉంటారు, అప్పటికి మీ ఫండ్ నిండదు కానీ ధరలు తెలుసుకోవడానికి బాగుంటుంది. ఇప్పుడు నవంబర్ చివర, మొదటి మంచు పడగానే ఎవరైనా ఎక్కువే అడుగుతారు. మీకు చెప్పిన 3,200 కూడా ఆ ధరే.

ఈ చలికాలం మనసు ఊరుకోకపోతే ఒకటి రెండు రోజులు అద్దెకి తీసుకోండి, జీతంలోంచే కట్టండి. ట్రైలర్ కొనాల్సిన పని కూడా వెంటనే లేదు, ఆఫీసు వాళ్ళలో ఎవరి ట్రైలర్‌లోనైనా రెండో బండికి చోటుంటే పెట్రోల్ ఖర్చు పంచుకోండి.

401కె లోన్ దరఖాస్తు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే ప్లాన్ వాళ్ళకి ఫోన్ చేసి రద్దు చేయించండి. వెక్టర్ అమ్మే ఆయనకి ఈ సీజన్‌కి కొనడం లేదని చెప్పేయండి, అడ్వాన్సు ఇవ్వకండి. జీతం పడిన రోజే 1,500 వేరే ఖాతాకి దానంతటదే వెళ్ళేలా ఈ వారమే పెట్టేయండి, ఆ ఖాతాకి డెబిట్ కార్డు తీసుకోకండి. మీ భార్యకి ఆ ఖాతా నంబరు, పాస్‌వర్డు, మీ ఐ-94 తేదీ తెలిసి ఉండాలి.