‘నగదు బదిలీ’ని పల్లెలో ఎలా అడగాలి?

సందేహం: వరదో కరువో వచ్చినప్పుడు సరుకులకు బదులు డబ్బే ఇస్తే కుదురుతుందా అని మా స్వచ్ఛంద సంస్థ తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో అడుగుతోంది. ప్రశ్నపత్రంలో ‘నగదు బదిలీ సాధ్యాసాధ్యాలపై మీ అభిప్రాయం’ అని రాశాం. ఒక పెద్దామె ‘ఎవురికి బదిలీ నాయనా?’ అంది. మా మాట తప్పా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. పల్లెలో బదిలీ అయ్యేది బడి అయ్యవారికి, పోలీసుకు. 2013లో గ్యాస్ రాయితీని ఖాతాల్లో వేయడం మొదలైన తొలివిడత జిల్లాల్లో చిత్తూరు ఉంది. అప్పటినుంచీ ‘నగదు బదిలీ’ పత్రికల్లో నలుగుతున్నా ఇళ్లలోకి రాలేదు. జనం ‘అకౌంట్లో దుడ్డు పడిందా?’ అంటారు.

‘నగదు’ అరబ్బీ నుంచి వచ్చిన మాట. పక్కనున్న మాటను బట్టి దాని అర్థం తేలుతుంది. అంగడి గోడమీద ‘ఈ రోజు నగదు, రేపు అరువు’ అని రాస్తే అది అరువుకు ఎదురుమాట. మీ విషయంలో బియ్యానికి, దుప్పటికి ఎదురుమాట. మీ ప్రశ్నలో ఆ జతమాటే లేదు. ‘దుడ్డిస్తే మేలా, సరుకులిస్తే మేలా?’ అనండి. ‘దుడ్డు’ మొరటుమాటేమో అని వెనకాడకండి. డబ్బు, దుడ్డు రెండూ ఒకప్పటి రాగినాణేల పేర్లే.

‘సాధ్యాసాధ్యాలు’ నిర్దుష్టమైన ద్వంద్వ సమాసం. నివేదికలో హాయిగా వాడండి. పల్లెలో మాత్రం దాన్ని విడదీసి అడగాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజున కొంగున అయిదు వందల నోటున్నా, అంగడి మూసి ఉంటే సంగటికి పిండి రాదు. నీళ్లు తగ్గి అంగళ్లు తెరిచాక అదే నోటు ఒకరికి మందవుతుంది, ఇంకొకరికి ఆవు మేతవుతుంది. ఏది ముందు కావాలో ఆ ఇంటివాళ్లకే తెలుసు కనుక, డబ్బు సాయం నాకు గౌరవంగా తోస్తుంది. అందుకే ఇలా అడగండి: ‘అంగడి ఎంత దూరం? సరుకు దొరుకుతుందా? ధర పెంచేస్తారా? దుడ్డు బ్యాంకులో పడితే తెచ్చేదెవరు?’ చివరిది మరిచిపోవద్దు. వేలిముద్ర పడక ఉత్తచేతులతో తిరిగొచ్చే ముసలమ్మకు ఖాతాలో ‘పడిన’ దుడ్డు ఇంకా అందని దుడ్డే.

ఇంకొకటి. మీ పత్రంలో ‘లబ్దిదారు’ అని అచ్చయింది. బకారం కింద ఉండాల్సింది ధకారం: ‘లబ్ధిదారు’. పల్లెలో అడిగేటప్పుడు ‘సాయం అందినోళ్లు’ అంటే చాలు.