పాపతో కొండెక్కిన అమ్మ

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మకు 64 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైంది. నాన్న పోయి నాలుగేళ్ళు. మా దగ్గరికి రమ్మంటే రాదు, చంద్రగిరిలో ఒక్కతే ఉంటుంది. అరవై దాటాక స్కూటీ నేర్చుకుంది. పౌర్ణమి వస్తే అరుణాచలం గిరిప్రదక్షిణ, ఏటా తిరుమల అడవిలోని తుంబురు తీర్థం, మధ్యలో తలకోన. వచ్చే వేసవిలో తనతో పనిచేసిన ఇద్దరితో కలిసి కేదార్‌నాథ్ పోతానంటోంది. పోయిన నెల ఒక శనివారం, స్కూలు వదిలాక మా ఏడేళ్ళ పాపను తీసుకొని మాకు చెప్పకుండా శ్రీవారి మెట్టు నడకదారిన తిరుమల కొండ ఎక్కింది. ఫోన్ కలవలేదు. మూడు గంటలు నరకం చూశాను. ఆ రోజు నుంచి పాపను పంపడం లేదు. గట్టిగా అడిగితే, "పాతికేండ్లు బస్సులో నిలబడుకొనే తిరిగినా, ఇప్పుడు కూచోమంటే కూచుంటానా" అంటుంది. డబ్బంతా తిరుగుళ్ళకే పోతోందని అన్నయ్య గొడవ, ఇల్లు తన పేర రాయమంటున్నాడు. నా చిన్నప్పుడూ ఇంతే. ఏడో తరగతిలో స్కూల్ డే డ్యాన్సుకు కూడా రాలేదు, మదనపల్లె సర్వీసులో డ్యూటీ అంది. ఈ వయసులోనైనా మనవరాలిని చూసుకుంటూ ఇంటిపట్టున ఉండమని ఎలా చెప్పాలి?

సమాధానం: పాప సంగతి ముందు తేల్చేద్దాం. అందులో తప్పు మీ అమ్మగారిదే.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పసిదాన్ని చిరుత పొట్టన పెట్టుకున్నాక భక్తులకు చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా పంపారు, మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల విషయంలో కట్టడి పెట్టారు. తిరుపతిలో ఉండేవాళ్ళెవరూ అది మరిచిపోలేదు. చంద్రగిరిలో ఉండే మనిషికి శ్రీవారి మెట్టు పెరటి దారి లాంటిది కాబట్టి ఆమెకు భయం వేసి ఉండదు. అయినా స్కూలు వదిలాక, తల్లికి చెప్పకుండా, ఫోన్ కలవని చోటికి ఏడేళ్ళ పిల్లను తీసుకుపోవడం సాహసం కాదు, అజాగ్రత్త. "నీ ఇష్టం వచ్చిన చోటికి నువ్వు పో, పాపను మాత్రం నాకు చెప్పకుండా ఎక్కడికీ తీసుకుపోవద్దు" అని ఈ మాటల్లోనే చెప్పండి. చెప్పాక పాపను పంపండి. అవ్వను శిక్షించబోయి మీరు పాపను శిక్షిస్తున్నారు.

ఇక మిగతాది. "ఇంటిపట్టున ఉండేలా ఎలా చెప్పాలి" అని అడిగారు. చెప్పకండి.

కండక్టరు ఉద్యోగం ఎలాంటిదో మీకు నేను చెప్పాలా? ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో టికెట్లు, చంకలో బ్యాగు. చిల్లర లెక్క తగ్గితే సొంత జేబులోంచి కట్టాలి. ఆఖరి ట్రిప్పు ముగిశాక డిపోలో క్యాష్ అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఇంకో సంగతి చూడండి. కండక్టరు ఊళ్ళన్నీ తిరుగుతుంది, ఏ ఊళ్ళోనూ దిగదు. "భాకరాపేట దిగేవాళ్ళు రండి" అని పాతికేళ్ళు అరిచిన మనిషి, ఆ దగ్గర్లోని తలకోన జలపాతాన్ని ఉద్యోగంలో ఉండగా ఎన్నిసార్లు చూసి ఉంటుంది? అన్నేళ్ళు జనాన్ని దింపింది, ఇప్పుడు తాను దిగుతోంది. దాన్ని మీరు తిరుగుడు అంటున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చిరుత కాదు, కేదార్‌నాథ్ కాదు, ఆ ఏడో తరగతి డ్యాన్సు. మిగతావాటన్నిటికీ కారణాలు రాశారు, దీన్ని ఒక్క వాక్యంలో తోసేశారు. ఆ రోజు అమ్మ కోసం చూసిన పిల్ల ఇంకా చూస్తూనే ఉన్నట్టుంది. మీ బాధ న్యాయమైనదే. ఆమెకు వేరే దారి లేకపోవడం కూడా అంతే నిజం. కానీ అప్పుడు మీ దగ్గర లేని అమ్మను ఇప్పుడు మీ పాప దగ్గర కట్టేస్తే ఆ బాకీ తీరదు. పైగా మీకు ఇంట్లో ఎదురుగా కనిపించేది ముఖం ముడుచుకున్న మనిషి. మీ బాధ ఆమెకు చెప్పాల్సిందే. పాప గొడవతో కలపకుండా విడిగా చెప్పండి.

పాపను చూసుకునే మనిషి కావాలంటే ఆ మాటే అడగండి. "ఈ వయసులో ఇంట్లో ఉండాలి కదమ్మా" అనొద్దు. "మంగళ, గురువారాలు మూడున్నరకు స్కూలు దగ్గర పాపను తీసుకొని, నేను వచ్చేదాకా ఉంటావా?" అనండి. జీవితమంతా డ్యూటీ చార్టు చూసి బతికిన మనిషి. మొహమాటాలు అర్థం కాకపోవచ్చు గానీ వారాలు, టైములు బాగా అర్థమవుతాయి. ఆమె వీక్లీ ఆఫ్‌లు ఆమెకు ఉంచండి. కుదరదంటే ఆయాను పెట్టుకోండి. అమ్మ మీద కోపంగా ఉండటం కంటే అదే చవక.

కేదార్‌నాథ్ విషయంలో మీ భయానికి కొంత ఆధారం ఉంది, అయితే మీరు వయసును చూసి భయపడుతున్నారు, చూడాల్సింది ఎత్తును. తిరుమల ఎత్తు ఇంచుమించు 2,800 అడుగులు. కేదార్‌నాథ్ 11,700 అడుగుల పైన. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు. మెట్లు అలవాటైన కాళ్ళు అక్కడ పనికొస్తాయి గానీ ఊపిరికి ఆ గాలి కొత్త. ఎనిమిది వేల అడుగులు దాటాక తలనొప్పి, వాంతులు, ఆయాసం ఎంత గట్టి మనిషికైనా రావచ్చు. వస్తే మొండికేసి పైకి పోకూడదు, కిందికి దిగాలి. బయలుదేరడానికి నెల ముందు బీపీ, షుగరు, ఈసీజీ చూపించమనండి. మోకాళ్ళ సంగతి డాక్టరును అడగమనండి. యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది మీరే దగ్గరుండి చేయించండి. గుప్తకాశీలోనో సోన్‌ప్రయాగలోనో ఒక రాత్రి ఆగి ఎక్కితే మేలు. "పోవద్దు" అంటే మీకు చెప్పకుండా పోతుంది, ఆ సంగతి ఇప్పటికే ఒకసారి చూశారు కదా!

మీ అన్నయ్య గురించి రెండు ముక్కలు. ఆమె డబ్బు ఆమెది, ఇల్లు కూడా. ఒత్తిడితో ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఎప్పుడైనా తనంతట తానే గిఫ్ట్ డీడ్ రాయాలనుకుంటే, తనను చూసుకోవాలన్న షరతు అందులో రాయించమనండి. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్ళి డీడ్ రద్దు చేయించుకోవచ్చు. షరతు లేని డీడ్‌తో తర్వాత కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఆమె ఫోన్‌లో వేసి పెట్టండి.

ఒక ఆదివారం పొద్దున్నే పాపను ఇంట్లో వాళ్ళ నాన్న దగ్గర వదిలేసి, మీరిద్దరే శ్రీవారి మెట్టు ఎక్కండి. ఎదురెదురుగా కూర్చొని అనలేని మాట పక్కపక్కన నడుస్తున్నప్పుడు సులువుగా వస్తుంది. ఆ డ్యాన్సు సంగతి అక్కడ ఎత్తండి. మధ్యలో మీకు ఆయాసం వస్తే ఆమె ఆగుతుంది లెండి.