ఇంటర్వ్యూలో ఆటిజం గురించి చెప్పాలా?

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆటిజం ఉందని ఇంటర్వ్యూలో చెప్పాలా వద్దా అని అడిగావు. అది నీ సొంత విషయం, ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. చెప్పనంత మాత్రాన మోసం చేసినట్టు కాదు. వైకల్యం కోటాలో దరఖాస్తు పెడితే మాత్రం సర్టిఫికెట్ చూపించక తప్పదు, అక్కడ ఈ ప్రశ్నే రాదు.

మిగతా చోట్ల ముందు నీకేం కావాలో తేల్చుకో. ఆటిజం అన్న మాట దానికి పనికొస్తుందనుకుంటేనే వాడు. ఆ మాట వినగానే ప్యానెల్లో ఒకరికి చుట్టాల పిల్లాడు గుర్తొస్తాడు, ఇంకొకరికి ఏదో సినిమాలో పాత్ర. ఎదురుగా కూర్చున్న నిన్ను పక్కన పెట్టి దాన్నే చూస్తారు. అదే "ప్రశ్న రాసి ఇస్తే సూటిగా జవాబు చెప్పగలను" అన్నావనుకో, వాళ్ళు చేయాల్సిన పని ఒకటే ఉంటుంది.

చాలా ఏళ్ళు ప్యానెళ్ళలో కూర్చున్నదాన్ని కాబట్టి అవతలివైపు సంగతి చెబుతాను. ఒకసారి ఒక అబ్బాయి వచ్చాడు. "మీ గురించి చెప్పండి" అంటే బల్లవైపు చూస్తూ ఉండిపోయాడు. నా పక్కనాయన మార్కుల కాగితం మీద అప్పుడే "ఆత్మవిశ్వాసం తక్కువ" అని రాసేశారు. తర్వాత నేను, "లెక్కల్లో తేడా వస్తే ఎక్కడ మొదలుపెట్టి వెతుకుతారు?" అని అడిగాను. ముందు ఏ ఎంట్రీ చూస్తాడో, దాన్ని దేనితో పోలుస్తాడో, రెండూ కలవకపోతే ఎటు వెళతాడో వరసగా చెప్పుకుపోయాడు. మా అందరిలో అంత స్పష్టంగా చెప్పగలిగేవాళ్ళు లేరు. అయినా కాగితం మీద రాత మారలేదు. నాకిప్పటికీ అది కష్టంగానే ఉంటుంది. కళ్ళలోకి చూడటానికీ పని రావడానికీ ఏం సంబంధం?

అందుకే పిలుపు రాగానే హెచ్‌ఆర్‌కి చిన్న మెయిల్ పెట్టు. "ఇంటర్వ్యూ ఎంతసేపు ఉంటుంది, ఎంతమంది ఉంటారు, ఏ విషయాల మీద అడుగుతారో ముందుగా తెలియజేయగలరా? ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడిగితే, నోట్ చేసుకునే వీలిస్తే బాగా జవాబివ్వగలను." ఇంతే చాలు. కారణం అడిగితే అప్పుడు చెప్పు, చెప్పిన వెంటనే పని మాటలోకి వచ్చెయ్. "నాకు ఆటిజం ఉంది. మాటల్లో దాచి చెప్పింది పట్టుకోవడం ఆలస్యమవుతుంది, వివరంగా చెప్పిన పని తప్పు లేకుండా చేస్తాను." అయితే అది నీ విషయంలో నిజమైతేనే. ఆటిజం ఉన్నవాళ్ళంతా లెక్కల్లో దిట్టలని అనుకునేవాళ్ళ కోసం లేని గొప్పలు చెప్పకు.

లోపల "ఏమైనా జబ్బుందా, మందులు వాడుతున్నారా?" అని అడిగితే కంగారు పడకు. అమెరికాలో ఆఫర్ ఇవ్వకముందు వైకల్యం గురించి అడగడాన్ని 1990 నాటి వికలాంగుల చట్టం ఒప్పుకోదు, ఆ ఉద్యోగంలో పనులు చేయగలరా అని మాత్రం అడగొచ్చు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టానిది కూడా కొన్ని మినహాయింపులతో ఇదే దారి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. తగిన వెసులుబాటు ఇవ్వకపోవడాన్ని కూడా వివక్షగానే చెప్పింది. అయితే ఇంటర్వ్యూ గదిలో చట్టం సెక్షన్లు వల్లించకు. "ఈ ఉద్యోగంలో ఏ పని గురించి మీ సందేహమో చెప్పండి, అది నేనెలా చేస్తానో చెబుతాను" అను. మాట మళ్ళీ పని మీదికి వస్తుంది.

అన్యాయం జరిగిందనిపిస్తే ఆ రోజే, ఇంటికి రాగానే, తేదీ, గదిలో ఎవరున్నారు, ఎవరేమన్నారు, వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకో. నీ వ్యాఖ్యానం వేరే కాగితం మీద. ఎందుకు తీసుకోలేదో మెయిల్లో మర్యాదగా అడుగు. ముందు "మీ పని బాగుంది" అని, ఆటిజం మాట వచ్చాక "మా టీమ్‌కి సరిపోరు" అంటే ఆ రెండు మెయిళ్ళూ జాగ్రత్త చేయాల్సినవే. ఫిర్యాదుకి గడువుంటుంది. అమెరికాలో మామూలుగా 180 రోజులు, కొన్నిచోట్ల 300. ఇక్కడైతే దివ్యాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్ళొచ్చు. ప్రతి తిరస్కారమూ వివక్ష కాదు, ప్రతిదానికీ పోరాడే ఓపిక ఎవరికీ ఉండదు. దేన్ని వదిలేయాలో నువ్వే ఎంచుకో, వదిలేసినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఆ మెయిల్ రాశాక పంపేముందు నాకొకసారి చూపించు. సాయంత్రం ఎప్పుడైనా ఖాళీయే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ