వెబ్‌మెయిల్‌లో పనిచేసే పాస్‌వర్డు మానిటరింగ్‌లో ఎందుకు ఫెయిలవుతుంది?

వెబ్‌మెయిల్‌ను తెరుస్తున్న పాస్‌వర్డునే మెయిల్ సర్వరును కనిపెట్టుకునే మానిటరింగ్‌లో ఇచ్చినా, మెయిల్ పంపే 587 పోర్టు తనిఖీ 535 ఎర్రర్‌తో (లాగిన్ చెల్లలేదని అర్థం) ఎర్రబడుతోందని, పాస్‌వర్డు మళ్లీ మార్చాలా అని మీరు అడిగారు. మార్చకండి. మీరు టైపు చేసినదీ సర్వరుకు చేరుతున్నదీ ఒకటేనని తేలేదాకా పాస్‌వర్డును ముట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మా దగ్గర తనిఖీల కోసం పెట్టుకున్న ఖాతా పాస్‌వర్డుకు ఒకసారి గడువు తీరడంతో, కొత్తదాన్ని ఎకో కమాండుతో ఒక ఫైల్లోకి రాశాను. మానిటరింగ్ స్క్రిప్టు ఆ ఫైలును ఉన్నదున్నట్టు చదివి, బైట్లను మామూలు అక్షరాలుగా రాసే బేస్64లోకి మార్చి, యూజరు పేరునూ పాస్‌వర్డునూ ఒకే వరుసగా పంపే ఆథ్ ప్లెయిన్ పద్ధతిలో సర్వరుకు పంపేది. తనిఖీ నిమిషానికొకటి. ఐదుసార్లు విఫలం కాగానే తప్పు లాగిన్లు పదేపదే చేసే ఐపీలను నిషేధించే, సర్వరు మీది ఫెయిల్‌టుబ్యాన్ ప్రోగ్రాము మా మానిటరింగ్ యంత్రం ఐపీని పది నిమిషాలు అడ్డగించేది. మేము అన్ని పోర్టులూ మూసేలా దాన్ని అమర్చుకున్నందువల్ల మెయిల్ చదవడానికి వాడే ఐమాప్‌తో సహా తనిఖీలన్నీ టైమౌటై, మెయిల్ సర్వరే పడిపోయిందని అందరం అనుకున్నాం. నిషేధం తొలగగానే లాగిన్ తప్ప మిగతావన్నీ పచ్చబడేవి, ఐదు నిమిషాలకు మళ్లీ అదే తంతు. ఈలోగా నేను పాస్‌వర్డును మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ అదే ఎకోతో రాశాను.

తెల్లవారుజామున స్క్రిప్టు పంపుతున్న బేస్64 వరుసను తెర మీదికి తెచ్చుకుంటే, చివర పెద్ద సీ, చిన్న జీ, వాటి వెనుక రెండు సమానపు గుర్తులు కనిపించాయి. ఆ నాలుగింటినీ డీకోడ్ చేస్తే వచ్చేది ఒకే ఒక బైటు, దాని విలువ 10, అంటే కొత్త లైను గుర్తు. ఎకో తనంతట తాను చివర చేర్చే ఆ గుర్తు మా పాస్‌వర్డులో భాగమై సర్వరుకు వెళ్తోంది. మొత్తం పొడవును బట్టి అదే బైటు చిన్న ఓ పక్కన ఒక సమానపు గుర్తుగానో, ఒంటరి పెద్ద కే గానో కూడా కనిపించవచ్చు. అలాంటి ముగింపు కనబడితే డీకోడ్ చేసి చూడండి. ఎకో బదులు ప్రింట్ఎఫ్ వాడగానే సర్వరు 235, అంటే లాగిన్ సరే, అని జవాబిచ్చింది.

మీ పాస్‌వర్డులో డాలర్ గుర్తు ఉంటే అనుమానం ముందు దాని మీదే పెట్టుకోండి. నాగియోస్ అనే మానిటరింగ్ సాధనం దాన్ని మాక్రో (తర్వాత వేరే విలువ వచ్చి చేరే పేరు) గుర్తుగా చదువుతుంది కనుక అక్కడ రెండుసార్లు రాయాలి. కమాండ్లు నడిపే షెల్‌లోనైతే సింగిల్ కోట్స్ మధ్య ఉంచాలి. ఖాతా వ్యక్తిగత జీమెయిల్‌ది అయితే కారణం వేరు: 2022 మే 30 నుంచి గూగుల్ బయటి ప్రోగ్రాములను మామూలు పాస్‌వర్డుతో రానివ్వడం మానేసింది, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. ఇక 535 స్థానంలో 454 వస్తుంటే అది తాత్కాలిక వైఫల్యం, లోపం సర్వరు వెనుక ఉన్న ఖాతాల డేటాబేసులో వెతకాలి.

మనిషి ఎవరూ వాడని తనిఖీ ఖాతాకు మూడు నెలలకొకసారి పాస్‌వర్డు మార్చాలన్న నిబంధన నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే మనుషుల ఖాతాల విషయంలోనే చెప్పింది. అలాంటప్పుడు ఒక స్క్రిప్టుకు ఆ గడువు దేనికి? అంతకన్నా బాధ కలిగించేది, సర్వరు ఇచ్చిన కోడును మింగేసి తెర మీద ‘విఫలం’ అన్న ఒక్క ముక్క చూపే మానిటరింగ్ సాధనాలు.

ఇప్పుడు మీరు మొదట ఆ తనిఖీని ఆపి, ఫెయిల్‌టుబ్యాన్‌లో మీ ఐపీ ఉంటే తీసేయండి. సర్వరులో డవ్‌కాట్ అనే మెయిల్ ప్రోగ్రాము ఉంటే, లాగిన్ ఎందుకు విఫలమైందో లాగ్‌లో రాసే దాని ఆథ్ వెర్బోస్ అమరికను ఆన్ చేసి, మానిటరింగ్ ఏ యూజరు పేరుతో నడుస్తోందో ఆ యూజరుగానే, అదే స్క్రిప్టును, అదే ఫైలుతో ఒక్కసారి నడిపి, లాగ్‌లో వచ్చిన వరుసను పాస్‌వర్డు తుడిచేసి ఇక్కడ పెట్టండి.