రాగి బిస్కెట్లా, మారీనా, షుగర్ ఫ్రీనా? ముందు ప్యాకెట్ తిప్పి చూడండి

షుగర్ ఉన్న నాన్నగారికి సాయంత్రం టీలోకి రాగి బిస్కెట్లు మంచివా, షుగర్ ఫ్రీ మంచివా, మామూలు మారీ సరిపోతుందా అని అడిగారు. మా ఇంట్లో అమ్మకి షుగర్, మావయ్యగారికి బీపీ. సరుకులు తెచ్చేది నేనే కాబట్టి లేబుళ్లు చదవడం అలవాటైపోయింది.

ప్యాకెట్ ముందు వైపు ఉన్నదంతా ప్రచారం. రాగి కంకి బొమ్మ, 'మల్టీగ్రెయిన్' అన్న పెద్దక్షరాలు చూసి మాత్రం కొనకండి. వెనక ఇంగ్రీడియంట్స్ వరస చూడండి. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) రూలు. పేరులోనో బొమ్మలోనో రాగి అని గొప్పగా చెప్పుకుంటే, అది ఎంత శాతం ఉందో కూడా వెయ్యాలి. మా వీధి షాపులో దొరికే ఒక రాగి బిస్కెట్ ప్యాకెట్ వెనక వరస ఇది: మైదా, పంచదార, పామాయిల్, ఆ తర్వాత రాగి పిండి 9 శాతం. వంద గ్రాముల బిస్కెట్లు తింటే కడుపులోకి వెళ్లే రాగి తొమ్మిది గ్రాములు! దానికి మారీ కంటే ఎక్కువ డబ్బులు పెట్టాలి.

ఆ వరసలోనే ఇంకో కిటుకు ఉంటుంది. పంచదార ఒక చోట, ఇన్వర్ట్ సిరప్ ఇంకో చోట, లిక్విడ్ గ్లూకోజ్ మరో చోట కనిపిస్తాయి. విడివిడిగా రాస్తే ఏదీ పైకి రాదు, అన్నీ కలిపితే తీపి చాలా ఎక్కువవుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి తియ్యగా ఉండదు గానీ రక్తంలో షుగర్‌ని గబగబా పెంచుతుంది. 'నో యాడెడ్ షుగర్' అన్న వాటిలో దీని కోసం ప్రత్యేకంగా వెతకండి.

ఇక అంకెల పట్టిక. ఒక కంపెనీ 'ఒక సర్వింగ్' అంటే 12 గ్రాములంటుంది, ఇంకో కంపెనీ 25 గ్రాములంటుంది. ఆ కాలమ్‌లు పక్కపక్కన పెట్టి పోలిస్తే తక్కువ సర్వింగ్ వేసినవాడే మంచివాడిలా కనిపిస్తాడు. అందుకే 100 గ్రాముల కాలమ్‌నే పోల్చండి. ఆర్‌డీఏ (రోజుకి కావాల్సినదాంట్లో ఎంతో చెప్పే) శాతాన్ని కూడా మీ నాన్నగారి విషయంలో పట్టించుకోకండి. అది రోజుకి 2000 కేలరీలు తినే మామూలు మనిషికి, 50 గ్రాముల యాడెడ్ షుగర్ వరకు పర్లేదన్న లెక్కతో వేసింది.

షుగర్ ఫ్రీ బిస్కెట్ల విషయంలో షుగర్ గడిలో సున్నా చూసి ఆగిపోకూడదు. దానికి పైన టోటల్ కార్బోహైడ్రేట్ చూడండి. మైదాతో చేసినవైతే అది 70 గ్రాముల దగ్గరే ఉంటుంది, అంటే మారీకి పెద్ద తేడా లేదు. తీపికి మాల్టిటాల్ వాడితే ఎక్కువ తిన్నప్పుడు విరేచనాలు కూడా అవుతాయి. షుగర్ ఫ్రీ కదా అని నాలుగు ఎక్కువ తినేసే పెద్దవాళ్లని చూశాను, అసలు నష్టం అక్కడే.

ఒక్క దగ్గర 100 గ్రాముల లెక్క భయపెడుతుంది: పచ్చళ్లు. సోడియం 5000 మిల్లీగ్రాములని చూసి మావయ్యగారికి టెన్షన్ పట్టుకుంది. పచ్చడి ఎవరూ వంద గ్రాములు తినరు, పది గ్రాములు వేసుకుంటే 500 వస్తుంది. అయినా రోజు మొత్తం పరిమితి 2000 కాబట్టి, అది పావు వంతు! బీపీ ఉన్నవాళ్లకి ఇదీ తక్కువేం కాదు. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది.

మీ ప్రశ్నకి నా జవాబు: ఈ మూడింటిలో ఏదైనా రెండు బిస్కెట్లు మించకుండా ఉంటే పెద్ద తేడా ఉండదు, కాబట్టి చవకైన మారీ కొనండి. రాగే కావాలంటే ఇంట్లో రాగి జావ కాచి, మజ్జిగ కలిపి ఇవ్వండి. అదీ పిండిపదార్థమే, చిన్న గ్లాసు చాలు. మా అమ్మ అయితే టీతో గుప్పెడు పుట్నాలు తింటుంది. మీరు చూస్తున్న రాగి ప్యాకెట్ వెనక ఏం రాసుందో ఇక్కడ రాస్తే లెక్క కట్టి చెప్తాను.